మైనం మీద మెట్లు

నూజివీడు అనగానే నోరూరుతుంది. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి... ఎండాకాలం వచ్చిందంటే హనుమాన్ జంక్షన్ నుంచి అటు వెళ్లే దారంతా మామిడికాయల సందడే. మామిడి తర్వాత గుర్తొచ్చేది కోట. ఇప్పటి పిల్లలకైతే ట్రిపుల్ ఐటీ. వీణ మాట ఎత్తేది ఏ సంగీతం మాస్టారో, అమ్మమ్మ వాయించిన వీణ ఇంకా ఇంట్లో ఉన్నవాళ్లో. బొబ్బిలి వీణ అంటే ఎవరైనా తలూపుతారు. నూజివీడు వీణ అంటే మాత్రం ‘అక్కడా చేస్తారా?’ అని అడుగుతారు.

చేస్తారు. మేకావారి జమీందారీ రోజుల్లో వేళ్లూనుకున్న పని అది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. అలా తివాచీలకు పేరుపడ్డ ఏలూరు లెక్కలో వీణ కూడా చేరింది. సరస్వతీదేవి ఒళ్లో ఉండే వాద్యాన్ని ఇక్కడ ముస్లిం కుటుంబం తరాలుగా చెక్కుతోంది. ఊళ్లోవాళ్లకు అందులో వింతేమీ లేదు. పత్రికలవాళ్లమే ప్రతిసారీ దాన్ని హెడ్డింగుకు ఎక్కిస్తుంటాం.

1948లో మద్రాసు రాష్ట్రం జమీందారీల రద్దు చట్టం చేసింది. అదే ఏడాది డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. వీణను పోషించే చేతులు అలా మారాయి. కోటలో కచేరీలు తగ్గాయి, రేడియోలో మొదలయ్యాయి. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు పేర్లు ఊరూరా తెలిశాయి. పెళ్లికెదిగిన ఆడపిల్లకు వీణ నేర్పించడం మర్యాదస్తుల ఇళ్లలో ఆనవాయితీ అయింది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పాత మండువా ఇళ్ల అటకల మీద గుడ్డ సంచుల్లో నిద్రపోతున్న వీణల్లో చాలావాటికి ఆ రోజుల్లోనే పని పడింది. ఇప్పుడవి ఏడాదికోసారి దసరాల్లో మూలా నక్షత్రం నాడు కిందికి దిగుతాయి. పసుపు, కుంకుమ, రెండు పూలు అందుకుని, మళ్లీ అటకెక్కుతాయి.

వాటిలో చాలా వీణలు ఇప్పటికీ పలకగలవు. పలకకపోవడానికి కారణం చెక్క కావడం అరుదు. ఎక్కువసార్లు కారణం మైనం.

పనస మొద్దు

వీణకు పనసే ఎందుకు? తేలిగ్గా ఉంటుంది, ఉలికి లొంగుతుంది, ఎండితే అంత త్వరగా వంకర తిరగదు, చెదలు పట్టడం తక్కువ. కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండే చేవ ఏళ్లు గడిచేకొద్దీ తేనెరంగుకు, ఆపైన ముదురు గోధుమరంగుకు మారుతుంది. పాత వీణ వయసును కంటితో పోల్చుకోవడానికి ఆ రంగే ఆనవాలు, మధ్యలో ఎవరూ వార్నిష్ పూయకపోతే.

నాదం నిండే కుండ, తీగలు సాగే దండి, దాని కొసన ఉండే యాళి ముఖం మూడూ ఒకే మొద్దులోంచి తీస్తే అది ఏకాండి వీణ. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి పనితనానికి పేరు తెచ్చింది ఇదే. నాలుగడుగులకు పైబడిన వాద్యం ఒకే ముక్కలో రావాలంటే ఎంత లావు చెట్టు కావాలో ఊహించుకోండి. వీణగా మిగిలే చెక్క కంటే పెచ్చులుగా రాలిపోయేదే ఎక్కువ. అందుకే కుండను, దండిని విడివిడిగా చేసి అతికే పద్ధతి కూడా ఉంది. ఏకాండి నాదమే వేరని చెప్పేవాళ్లు చాలామంది. నాకు మాత్రం అందులో సగం నాదం, సగం గౌరవం అనిపిస్తుంది. అతుకు బిగువుగా కుదిరిన వీణను కళ్లు మూసుకుని విని విడదీయగలిగే చెవులు ఎన్ని ఉంటాయి?

ఇలాంటి అనుమానమే వయొలిన్ల విషయంలో పరీక్షకు వచ్చింది. కోట్లు పలికే స్ట్రాడివేరియస్ వయొలిన్లను, కొత్తగా చేసినవాటిని కలిపి, ఏది ఏదో తెలియకుండా నిపుణుల చేతికిచ్చి పరిశోధకురాలు క్లాడియా ఫ్రిట్జ్ బృందం వాయింపించింది. 2012లో, 2014లో ఫలితాలు వచ్చాయి. పాతదేదో కొత్తదేదో వాళ్లు నమ్మకంగా చెప్పలేకపోయారు. పైగా ఎక్కువమంది కొత్తవాటినే మెచ్చారు. కాబట్టి వందేళ్ల వీణ అయినంత మాత్రాన గొప్ప వీణ అయిపోదు. కాకపోతే నింపాదిగా ఎండిన చేవ, తొందర లేని పని పాత వీణల్లో కనిపించినంత తరచుగా కొత్తవాటిలో కనిపించవు.

ఆ తొందర లేనితనం కుండ లోపల తెలుస్తుంది. బాడిసతో మొదలుపెట్టి ఉలి మీదికి వచ్చి, లోపలి గోడను కొద్దికొద్దిగా పలచన చేస్తూ, వేలి కణుపుతో తట్టి వింటూ పోవాలి. మందంగా వదిలేస్తే నాదం కుండలోనే అణిగిపోతుంది. మరీ పలచనైతే తీగల బిగువుకు, ఎండకు బీట వారుతుంది. ఎక్కడ ఆపాలో ఏ కొలబద్దా చెప్పదు. దండి అవతలి కొసన వేలాడే సొరకాయ బుర్ర మీద మాత్రం చూసేవాళ్లకు లేనిపోని భ్రమ. నాదంలో దాని వాటా తక్కువ, వీణ ఒడిలో కుదురుగా నిలవడానికే అది ఎక్కువ పనికొస్తుంది. అందుకే అసలు బుర్ర పగిలిపోయి కాగితపు గుజ్జుదో ఫైబర్‌దో తగిలించినా వాయించేవాళ్లు పెద్దగా బాధపడరు.

గుర్రం వంపు

కుండ పైపలక మీద తీగలను మోసేది గుర్రం. దాని నెత్తిన కంచు రేకు. చూడటానికి చదునుగా ఉంటుంది కానీ, తీగ పారే దిశలో దానికి కనిపించీ కనిపించని వంపు ఉంటుంది. వీణ నాదంలో ఆ జీర, మీటిన తర్వాత కూడా సాగే ఆ మెరుపు పుట్టేది అక్కడే.

దీన్ని పట్టుకున్న శాస్త్రవేత్త మనకు బాగా తెలిసినవాడే. తండ్రి విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెబుతుండగా అక్కడే చదువుకున్న సి.వి. రామన్. ఆయన భార్య లోకసుందరి వీణ వాయించేది. 1921లో రామన్ వీణ, తంబురాల మీద ఒక చిన్న పరిశోధన పత్రం ప్రచురించాడు. తీగను ఏ చోట మీటితే, ఆ చోట కదలకుండా ఉండే అనుస్వరాలు (అసలు స్వరంతో పాటు పుట్టే పై స్వరాలు) ఆ ధ్వనిలో వినిపించకూడదని అప్పటికి స్థిరపడిన సూత్రం. యంగ్, హెల్మ్‌హోల్ట్జ్‌ల పేర్లతో చలామణీలో ఉండేది. మన వాద్యాల్లో అవి వినిపిస్తున్నాయని, అదీ బలంగా వినిపిస్తున్నాయని రామన్ చూపించాడు. తీగ ఊగుతున్నప్పుడు గుర్రం వంపును ఒక్క చోటే తాకి ఊరుకోదు, ఒరుసుకుంటూ తాకే చోటును మార్చుకుంటుంది. పోవలసిన అనుస్వరాలను అది మళ్లీ పుట్టిస్తుంది. వీణ చేసేవాళ్లు ఆకురాయితో వెంట్రుకవాసి చొప్పున రాస్తూ సాధించేది ఈ సంగతినే. నోబెల్ బహుమతి మరో తొమ్మిదేళ్లకు, వేరే పరిశోధనకు వచ్చింది.

పాత వీణల్లో మొదట అరిగేది ఈ రేకే. తీగలు దాని మీద గాడులు చేస్తాయి. గాడి పడిందంటే వంపు పోయినట్టే, వీణ మొద్దుబారుతుంది. రేకును రాసి మళ్లీ వంపు తేవడం ఒక పూట పని. ఆ పూట పని తెలిసిన మనిషిని వెతుక్కోవడానికి మాత్రం జిల్లాలు దాటాల్సి వస్తోంది.

మేళం

ఇక అసలు సంగతికి వద్దాం. వీణకు 24 మెట్లు, స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు. వాయించే తీగలు నాలుగు, తాళానికి పక్కన మూడు. ఈ ఏర్పాటు 17వ శతాబ్దం తొలి భాగంలో తంజావూరును ఏలిన రఘునాథ నాయకుడి కాలంలో కుదురుకుందంటారు. ఆయనా తెలుగు కవే. అంతకు ముందే, 1550లో, విజయనగర సామ్రాజ్యంలో అళియ రామరాయల కోసం రామామాత్యుడు రాసిన ‘స్వరమేళకళానిధి’లో వీణ మీద మెట్లు ఎక్కడెక్కడ పెట్టాలన్న చర్చ ఉంది. శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణ, అచ్యుతరాజేంద్ర మేళ వీణ అని రకాలు కూడా చెప్పాడు. మెట్టు ఎక్కడ నిలవాలన్నది నాలుగున్నర శతాబ్దాలకు పైబడిన ప్రశ్న.

ఐరోపాలో ఇదే ప్రశ్నకు లెక్కతో జవాబు వెతికారు. గెలీలియో తండ్రి విన్సెంజో గెలిలీ సంగీతజ్ఞుడు. లూట్ వాద్యం మీద తీగ పొడవును 18 భాగాలు చేసి ఒక భాగం దగ్గర మొదటి మెట్టు పెట్టమని 1581లో రాశాడు. మిగిలిన పొడవును మళ్లీ 18 చేసి రెండోది, అలా వరసగా. ఇప్పటి గిటార్లకు ఆ అంకె 17.817. ఆ లెక్క ప్రకారం రంపంతో గాడి కోసి, లోహపు తీగను అందులో బిగిస్తారు. ఇక ఆ మెట్టు కదిలేది లేదు.

వీణ మెట్టును గాడిలో బిగించరు, మైనంలో నిలబెడతారు. దండికి రెండు అంచుల వెంబడి తేనెమైనం, బొగ్గుపొడి కలిపిన నల్లటి ముద్దతో గట్లు పోస్తారు. పాళ్లు ఎవరి చేతివాటం వారిది. మైనం ఎక్కువైతే రోహిణీ కార్తెలో మెట్లు జారతాయి, పొడి ఎక్కువైతే గట్టు పెళుసెక్కి పెచ్చులూడుతుంది. గట్టు మెత్తగా ఉండగానే కంచు మెట్లను ఒక్కొక్కటే ఆ రెండు గట్ల మీద అడ్డంగా ఆనిస్తారు. తీగ మీటి, విని, మెట్టును గింజంత పైకో కిందికో జరిపి, మళ్లీ మీటి, వింటారు. 24 మెట్లు, ఒక్కో మెట్టు మీద నాలుగు తీగలు. ఒకటి సరిపోయిందనుకునేసరికి పక్కది ఎత్తుగా తేలుతుంది, తీగ దానికి తగిలి గీరుమంటుంది. పైగా వీణలో గమకం కోసం తీగను మెట్టు మీదే పక్కకు లాగుతారు. ఒకే మెట్టు మీద పై స్వరాలు రెండు మూడు పలికించగలగాలి. మెట్టు అంచు ఏ చివర కాస్త పల్లంగా ఉన్నా తీగ అక్కడ ఆగి గొంతు పట్టేస్తుంది.

దీన్నే మేళం కట్టడం అంటారు. కొత్త వీణకు ఇది చివరి పని, పాత వీణకు మొదటి పని. ఏళ్లు గడిచేకొద్దీ మైనం ఎండుతుంది, కుంగుతుంది, మెట్లు తప్పుతాయి. అప్పుడు అంతా తీసి మళ్లీ కట్టాలి. గిటారు చేసినవాడు దాన్ని అమ్మాక కొన్నవాడితో పని తీరిపోవచ్చు. వీణ చేసినవాడికి ఆ సంబంధం తెగదు. వాయించే ఆవిడ ‘అన్నగారూ, మంద్రంలో గాంధారం కాస్త ఎక్కువైందండీ’ అంటే, ఆయన అగరువత్తి సెగ అంత వేడితో మైనాన్ని మెత్తబరిచి మెట్టును సర్దాలి. ఇద్దరి చెవులూ ఒప్పుకున్న చోట అది నిలుస్తుంది.

ఇందులో మన నేల పాత్ర కూడా ఉంది. నూజివీడు మెట్ట ప్రాంతం, ఎర్రనేల, పొడి గాలి. అక్కడ చేసిన వీణ కొల్లేటి ఒడ్డున కైకలూరుకో ఆకివీడుకో చేరితే వేరే గాలి పీల్చుకోవాలి. 2002లో రామ్సార్ చిత్తడి నేలల జాబితాకెక్కిన కొల్లేరు చుట్టూ చలికాలం పొద్దున మంచూ తేమా మామూలే. చెక్క తేమను పీలుస్తుంది, ఉబ్బుతుంది. వేసవిలో వదిలేస్తుంది, కుంచించుకుంటుంది. తీగలు బిగించే బిరడలు ఒక కాలంలో బిగుసుకుపోతాయి, ఇంకో కాలంలో నిలవక జారతాయి. మెట్లు గిటారులోలా గాడిలో బిగించి ఉంటే దండి కదిలినప్పుడల్లా సరిచేయడం పెద్ద కష్టమయ్యేది. మైనం కనుక సర్దుకోవచ్చు.

గిటారు పెరిగింది, వీణ పెరగలేదు

పాత వాద్యాల మీద మోజున్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. అమెరికాలో 19వ శతాబ్దపు చిన్న గిటార్లకు ఇప్పుడు మంచి గిరాకీ. 1833లో జర్మనీ నుంచి వలస వెళ్లిన సి.ఎఫ్. మార్టిన్ చేసినవి వాటిలో పేరుమోసినవి. ముందుగదిలో నలుగురి మధ్య వాయించుకునే గిటార్లు అవి. మార్టిన్ కొలతల్లో 2వ సైజు గిటారు వెడల్పు 12 అంగుళాలు, మన వీణ కుండ కంటే పెద్దదేమీ కాదు. తర్వాత హాళ్లు పెద్దవయ్యాయి, బాంజోల మోత పక్కన గిటారు వినపడలేదు. పేగు తీగలు పోయి ఉక్కు తీగలు వచ్చాయి. 1931 నాటికి మార్టిన్ పేరుతోనే పదిహేనున్నర అంగుళాల పైబడ్డ డ్రెడ్‌నాట్ బజారుకొచ్చింది. పాతకాలపు చిన్న గిటారుకు ఇప్పటి ఉక్కు తీగలు బిగిస్తే పైపలక ఉబ్బి పాడైపోయే ప్రమాదముంది. అందుకే వాటిలో చాలావాటిని జాగ్రత్తగా చూసుకోవాలి.

పెద్ద హాలుకు వీణ ఇంకోలా జవాబు చెప్పింది. ఒళ్లు పెంచుకోలేదు, మైకు తగిలించుకుంది. కుండకు మైకు అంటించడాన్ని మొదట్లో సంప్రదాయవాదులు ఈసడించారు. కానీ దాని వల్ల ఒక మేలు జరిగింది: వాద్యం కొలత మారలేదు. అందుకే నూరేళ్ల వీణను ఇవాళ కొత్త తీగలు, కొత్త మేళంతో నేరుగా వేదికెక్కించవచ్చు.

మూడో దారి పాలకొల్లులో దొరికింది. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చేతికి చిన్నప్పుడే తండ్రి మేండలిన్ చిక్కింది. బ్యాండ్ మేళాల్లోనూ సినిమా పాటల్లోనూ టకటక మోగే వాద్యం అది. జంట తీగలు కనుక గమకం లాగడానికి ఒప్పుకోదు. శ్రీనివాస్ జంటల్ని తీసి ఒంటి తీగలు కట్టాడు, ఐదోది చేర్చాడు, ఎలక్ట్రిక్ మేండలిన్‌కు మారాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గాయకుడు చెంబై శిష్యుడు, మేండలిన్ వాయించడం ఆయనకు రాదు. ఆయన పాడితే పిల్లవాడు వాయించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొమ్మిదేళ్ల ఆ పిల్లవాడు చేసిన కచేరీతో కర్ణాటక సంగీతంలో కొత్త వాద్యం పుట్టింది. 2014లో, 45 ఏళ్లకే, ఆయన వెళ్లిపోయాడు. ఆ చిన్న వాద్యం మీద ఆయన పట్టుబట్టి సాధించినది వీణ గమకాన్నే కదా అని ఈ జిల్లాలవాళ్లం మురిసిపోవచ్చు.

అద్దాల బీరువాలో

ఇవాళ వీణ చేసేవాళ్ల ఇల్లు గడిచేది ఎక్కువగా చిన్న వీణల మీద. జానెడు, మూరెడు వీణలు. సన్మానాల్లో శాలువాతో పాటు ఇస్తారు, హస్తకళల దుకాణాల్లో పెడతారు, అమెరికా వెళ్లేవాళ్లు సూట్‌కేసులో పెట్టుకుంటారు. బొబ్బిలిదీ ఇదే దారి, నూజివీడుదీ ఇదే దారి. తప్పు పట్టడానికి లేదు. పెద్ద వీణ కొనేవాళ్లు ఎప్పుడో గాని రారు, చిన్న వీణ వారం వారం అమ్ముడవుతుంది. భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న బొబ్బిలి వీణకు వచ్చిన పేరు కూడా ఈ బహుమతుల మీదుగానే ఊళ్లు దాటింది.

నా గొడవ వేరు. జానెడు వీణకు యాళి ముఖం కావాలి, నగిషీ కావాలి, రంగు కావాలి. మేళం అక్కర్లేదు. గుర్రం వంపు అక్కర్లేదు. కుండను తట్టి వినే చెవి అక్కర్లేదు. పదేళ్లు చిన్న వీణలే చేసిన కుర్రవాడి ఉలి పదునెక్కుతుంది గాని, చెవికి సాధన ఉండదు. ప్రభుత్వం శిక్షణ తరగతులు పెట్టినా, ఎగ్జిబిషన్లు పెట్టినా లెక్కలోకి వచ్చేది ఎన్ని బొమ్మ వీణలు అమ్ముడయ్యాయన్నదే. పాత వీణలకు మేళం కట్టే పనికి జీతమిచ్చి, సంగీత కళాశాలల్లో ఒక మనిషిని పెట్టుకుంటే అంతకంటే ఎక్కువ పని జరుగుతుంది. విజయనగరంలో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది, విజయవాడలో ఘంటసాల పేరున ఉంది. వాయించడం నేర్పే చోటే సర్దడం కూడా నేర్పితే తప్పేముంది?

అటక దించితే

ఈ దసరాకు వీణ కిందికి దించేవాళ్లు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. కుంకుమ తీగల మీద చల్లకండి, తడి తగిలిన పసుపూ కుంకుమా ఉక్కును తుప్పు పట్టిస్తాయి. బిరడలు బిగుసుకుపోయి ఉంటే సుత్తితో కొట్టవద్దు, బిరడ విరిగితే పోయేది తక్కువే గాని దండి చీలితే కష్టం. దండిని కంటికి ఎదురుగా పట్టుకుని ఒక కొస నుంచి చూడండి, వంగి ఉంటే వెంటనే తెలుస్తుంది. కుండను టార్చి వేసి చూడండి. చీలిక ఉండొచ్చు, కందిరీగ గూడూ ఉండొచ్చు. మెరుస్తుందని వార్నిష్ పూయకండి. మైనాన్ని ఇంట్లో దీపంతో కరిగించే ప్రయత్నం అసలు వద్దు.

పాత వీణ అంచుల్లో తెల్లటి పొదుగు ఏనుగు దంతం అయి ఉంటే ఇంకో చిక్కు. 1986 సవరణతో భారతీయ దంతపు వ్యాపారాన్ని వన్యప్రాణి చట్టం నిషేధించింది. ఇంట్లో వారసత్వంగా వచ్చినదాన్ని ఉంచుకోవడానికీ అమ్మడానికీ నిబంధనలు వేరు. అమ్మాలనుకునే ముందు అటవీ శాఖను అడగండి. గిటార్లవాళ్లకూ ఇలాంటి తలనొప్పే ఉంది: బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను 1992లో అంతర్జాతీయ వ్యాపారం నుంచి నిషేధించారు. అంతకుముందే 1969 ప్రాంతంలో ఆ చెక్క దొరకక మార్టిన్ కంపెనీ మన ఇరుగుడు చెక్కకు మళ్లింది. తూర్పు కనుమల్లోనూ పెరిగే చెట్టే అది. ఇప్పుడు ప్రపంచంలో ఎన్నో గిటార్ల వీపులు దానివే.

ఇవన్నీ చూసుకున్నాక వీణను గుడ్డలో చుట్టి, తీగలను కాస్త వదులు చేసి, పడుకోబెట్టి కారు వెనక సీటులో పెట్టుకుని నూజివీడు తీసుకెళ్లండి. ఎండాకాలం మధ్యాహ్నం మూసిన కారులో వదిలేయకండి, మైనం మొత్తం జారిపోతుంది. మేళం కట్టడానికి రోజులు పడతాయి, బేరమాడకండి. తీసుకునేటప్పుడు ఇంట్లో వాయించడం వచ్చినవాళ్లను వెంట తీసుకెళ్లండి. వాళ్లు కూర్చుని వాయించి, ఏ మెట్టు దగ్గర తేడా ఉందో అక్కడికక్కడే చెప్పాలి.